గోవిందప్ప మూగనోము

ఆ బుధవారం పొద్దున గోవిందప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు హిందూపురం పోవాలి. పళ్ళ డాక్టరు చేత నోట్లో ఇరుక్కుపోయిన తొడుగు పీకించుకోవాలి. పన్నెండు గంటల బస్సుకు తిరిగొచ్చి ఎద్దులకు మేత వెయ్యాలి. ఈ సంగతి నల్లగుట్టపల్లిలో భార్య ఓబులమ్మకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు. పథకం మొత్తం ఇంతే. ఇందులో మైకుసెట్లు, కొబ్బరికాయలు, ట్రాక్టర్ల నిండా జనం ఎక్కడా లేరు.

తొడుగు సంగతి కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. గోవిందప్ప నోరు పగలూ రాత్రీ పనిచేసే నోరు. పగలు మాట్లాడేది, ఆ బాధ ఊరంతా పంచుకునేది. రాత్రి నిద్రలో పళ్ళు కొరికేది, అది మాత్రం ఓబులమ్మ ఒక్కతే భరించాల్సి వచ్చేది. ముందు కటకటమని మొదలై, కాసేపటికి బండ మీద కొడవలి నూరుతున్నట్టు సాగేది ఆ చప్పుడు. రెండేళ్ళుగా అది మరీ ముదిరింది. ఓబులమ్మ మంచాన్ని నడింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి గడ్డివామి పక్కకు మార్చుకుంది. కడుపులో పురుగులుంటే పళ్ళు కొరుకుతారని ఎవరో అంటే వేపాకు నూరి ఉండలు చేసి మింగించింది. పురుగులు పోయాయో లేదో గానీ గోవిందప్పకు వారం రోజులు అన్నం చేదుగా ఉండింది. పళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుంటూ పోయాయి.

ఇక లాభం లేదని ఒకరోజు ఓబులమ్మ సంచి సర్దుకుంది. "నేను గోరంట్లలో మా అక్క ఇంటికి పోతాండా. నువ్వూ నీ పండ్లూ ఈడ సుఖంగా కాపరం చేసుకోండి" అంది. అప్పుడు గోవిందప్పకు హిందూపురం దారి కనిపించింది.

డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, "దవడపళ్ళు సగానికి అరగదీశారు పెద్దాయనా" అన్నాడు. పళ్ళ అచ్చు తీసుకుని, వారం తర్వాత పైపళ్ళకు అమిరేలా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు చేసి చేతిలో పెట్టాడు. రాత్రి పడుకునేటప్పుడే పెట్టుకోవాలి, పొద్దున తీసి చన్నీళ్ళతో కడగాలి, వేడి తగలకూడదు అని మూడు మాటలు చెప్పాడు. సొంత తెలివి వాడకూడదని నాలుగో మాట కూడా చెప్పి ఉండాల్సింది. ఆయనకు గోవిందప్ప సంగతి తెలియదు పాపం.

మంగళవారం రాత్రి తొడుగు పెట్టుకుంటే గోవిందప్పకు కాస్త వదులుగా అనిపించింది. వదులైన వస్తువును బిగించడం రైతుకు ఒకరు నేర్పాలా? గొడ్డలికి కర్రకామ వదులైతే మధ్యలో గుడ్డపేలిక దూర్చి కొడతారు. గుడ్డ తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బితే బిగుస్తుంది. ఆయన పాత పంచె అంచు సన్నగా చించి, తొడుగు లోపల చుట్టూ పరిచి, రెండు బొటనవేళ్ళతో అదిమి పళ్ళకు కూర్చోబెట్టాడు. అనుకున్నట్టే గుడ్డ తడిసింది, ఉబ్బింది, బిగిసింది. ఆ కొత్త శత్రువుతో పళ్ళు రాత్రంతా కుస్తీ పట్టాయి. తెల్లారేసరికి తొడుగు ఊడిరాలేదు. దవడలు కొయ్యబారిపోయి నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. మాట్లాడబోతే "మ్మ్" అనీ "ఊఁ" అనీ మూలుగులే తప్ప ఒక్క అక్షరం బయటికి రాలేదు. రాసి చూపిద్దామంటే ఆయనకు సంతకం తప్ప ఇంకో రాత రాదు.

ఓబులమ్మ ఆ రోజు ఎండ మొహం మీద పడ్డాక లేచింది. ఇన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయిన మొహం కళకళలాడుతోంది. మొగుడు చేతులు తిప్పి, కళ్ళు తిప్పి, నోరు చూపించి పెట్టుకున్న మొర అంతా ఓపిగ్గా చూసింది.

"బలవంతంగా పీకితే పండ్లు గూడా ఊడొస్తాయి. బస్సుకు పోయి డాక్టరుకే చూపిచ్చుకో" అంది. తర్వాత కాస్త ఆలోచించి, "నన్నడిగితే ఇంగో పది దినాలు అట్లనే ఉండనీ. రేత్రి నిమ్మళం, పగలు నిమ్మళం" అంది.

గోవిందప్ప కళ్ళెర్రజేసి, మూతికి తువాలు చుట్టుకుని బయటపడ్డాడు. ఈ వయసులో పళ్ళకు తొడుగేసుకున్నాడని తెలిస్తే చౌడప్ప టీ అంగట్లో ఏడాది పాటు ఇంకో మాట ఉండదు. ఆ అంగట్లో ఎవరిని ఎలా ఏడిపిస్తారో ఆయనకు బాగా తెలుసు, ఏడిపించే వాళ్ళలో ఆయనే మొదటివాడు కనుక.

బస్సు ఆగేది ఆ అంగడి ముందరే. చౌడప్ప గోవిందప్పను చూడగానే గ్లాసు కడిగాడు.

"ఏమన్నా, పొద్దున్నే యాడికి ప్రయాణం?"

ముప్పై ఏళ్ళుగా ఒక్క ప్రశ్న వేస్తే పది జవాబులిచ్చే మనిషి కొయ్యలాగా నిలబడడం చౌడప్ప ఎన్నడూ చూడలేదు. పొగలు కక్కే టీ గ్లాసు ముందుకు చాపాడు. వేడి తగలకూడదన్న డాక్టరు మాట గుర్తొచ్చి గోవిందప్ప దాన్ని రెండు చేతులతో వెనక్కి తోశాడు.

"టీ వద్దా? నువ్వు టీ వద్దంటాండావా? ఏమాయెనప్పా, పలకవేంది?"

అంగట్లో ఉన్న నలుగురూ మూగారు. ఇక దాచి లాభం లేదని, చౌడప్ప ఒక్కడికైనా చెబుదామని, గోవిందప్ప తువాలు కొంచెం కిందికి లాగి పైపళ్ళ వైపు వేలు చూపించాడు. పెద్ద మీసాల మనిషి. పళ్ళు కనబడలేదు. పైకి లేచిన వేలు ఒక్కటే కనబడింది. ఆ ఏడు నల్లగుట్టపల్లిలో ఎవరు వేలు పైకెత్తినా అందరూ ఆకాశం వైపే చూసేవారు. చౌడప్ప పైకి చూశాడు. మిగతా నలుగురూ చూశారు. కడిగిన పళ్ళెం లాంటి ఆకాశం, ఎక్కడా మబ్బుతునక లేదు.

"వానా?" అన్నాడు చౌడప్ప.

"మ్మ్!" అన్నాడు గోవిందప్ప చిరాగ్గా.

"వాన కోసరమా? మాట మానేసి? టీ నీళ్ళు గూడా ముట్టకుండా?" చౌడప్ప కళ్ళు పెద్దవయ్యాయి. "మూగనోము పట్టినావా అన్నా!"

గోవిందప్ప తల అడ్డంగా ఊపాడు. ఎంత గట్టిగా ఊపాడంటే, పూనకం వచ్చిందేమోనని పక్కవాడు చెప్పులు విడిచాడు.

అంగడి అరుగు మీద బయమ్మ అవ్వ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో ఏ పాత సంగతికైనా ఆమే సాక్షి. కర్ర ఊతంతో లేచి వచ్చి గోవిందప్ప చెయ్యి పట్టుకుంది. "మూగనోమంటే ఆటలా నాయనా! మా నాయన కాలంలో ఒకాయన పట్టినాడు. మూడో దినానికి వానొచ్చి వంక పారింది. నువ్వు చల్లగుండాల" అని కళ్ళొత్తుకుంది. తర్వాత జనం వైపు తిరిగి, "నోములో ఉండేటోడు పొలిమేర దాటగూడదు. దాటితే వచ్చే వానమోడం గూడా ఎనక్కి పోతాది. చూసుకోండి" అంది.

సరిగ్గా అప్పుడే ఏడున్నర బస్సు వచ్చింది. గోవిందప్ప ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు నలుగురి చేతుల్లో ఉంది. ఆయన ఊఁ ఊఁ అని గింజుకుంటుంటే, "చూడు, నోము బలం ఎట్లుండాదో! నలుగురికి గూడా ఆగడంలేదు" అన్నాడు చౌడప్ప. కండక్టరు విషయం తెలుసుకుని, దిగి, గోవిందప్ప పాదాలకు దండం పెట్టి, రైట్ అన్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ హిందూపురం వైపు పోయింది.

జనాన్ని అనాల్సిన పని లేదు. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. అది రెండువేల రెండు, జూలై నెల సగం దాటింది. విత్తే అదను ఇంకో పది రోజులు ఉంటే ఉన్నట్టు. చెయ్యగలిగిందంతా ఊరు చేసి చూసింది. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పింది. గుట్ట మీది బండ కడిగి, పాయసం వండి దాని మీద పోసి, పెద్దాచిన్నా బోర్లా పడుకుని నాలుకలతో నాకింది. నాలుకలు కాలినవాళ్ళున్నారు గానీ చినుకు చూసినవాళ్ళు లేరు. అలాంటి ఊరికి, ఒక వాగుడుకాయ నోరు మూసుకున్నాడంటే అది చిన్న సంగతిగా ఎలా కనిపిస్తుంది?

సర్పంచు బసప్పకు అది అసలు చిన్న సంగతిగా కనిపించలేదు. కప్పల ఊరేగింపు పేరు ఎదుటి పార్టీవాళ్ళు కొట్టేశారని ఆయన కుతకుతలాడుతున్నాడు. కబురు అందిన గంటలో కొత్తచెరువు నుంచి మైకుసెట్టు వచ్చింది. పాలు రావడం మానేసినప్పటి నుంచి ఖాళీగా ఉన్న పాల సొసైటీ అరుగు మీద జంపఖానా పరిచి, గోవిందప్పను కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. సొసైటీ మిద్దె మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడ్‌స్పీకర్లు కట్టారు.

"మన గోవిందన్న మన సేద్యగాళ్ళ కోసరం మాట మానేసినాడు!" అని బసప్ప మైకు అందుకున్నాడు. "ఇంగొకడు మాట మానుకుంటే ఏమో అనుకోవచ్చు. గోవిందన్న మానుకున్నాడంటే, అదేమన్నా మామూలు త్యాగమా? మీరే చెప్పండి!"

కాదని ఊరంతా ఒప్పుకుంది. అందులో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

భార్యను పిలిపించారు. నీళ్ళబిందె దించకుండానే వచ్చిన ఓబులమ్మను చూడగానే గోవిందప్ప ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు ఇది నిజం చెప్పేస్తుంది, తిట్లు తిని ఇంటికి పోవచ్చు అనుకున్నాడు. ఓబులమ్మ చెప్పేదే, నోరు తెరిచింది కూడా. కానీ అంతలో ఆడవాళ్ళు చుట్టుముట్టి, బిందె దించి, కుంకుమ పెట్టి, "ఎంత పుణ్యం చేసుకున్నావక్కా!" అన్నారు. గోవిందప్పను కట్టుకున్నందుకు ఆమెను ఎవరైనా పొగడడం పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో అదే మొదలు. ఒకావిడ విసనకర్ర తెచ్చి విసరసాగింది. ఇంకొకావిడ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది.

ఓబులమ్మ నీళ్ళు తాగి, మొగుడి దగ్గరికి వచ్చి, చెవిలో మెల్లగా చెప్పింది. "బస్సు ఎట్లనూ పాయె. ఈ ఒక్క దినం ఓర్చుకో. నేను ముప్పై ఏండ్లు ఓర్చుకుంటిని." తర్వాత జనం వైపు తిరిగి, "నోములో ఉండే మనిషిని ఊరక కదిలించొద్దండమ్మా" అంది.

గోవిందప్ప ఆమెను చూసిన చూపుకు మామూలు రోజైతే ఇంట్లో రెండు పూటలు పొయ్యి వెలిగేది కాదు.

మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. కొబ్బరికాయలు పగులుతున్నాయి. ఆయన దగ్గితే అర్థమేమిటో మాట్లాడుకున్నారు, తుమ్మితే దిక్కు చూసుకున్నారు. గోవిందప్పకు ఆకలి ఒకవైపు, దవడల సలుపు ఒకవైపు. వీటన్నిటి కంటే ముఖ్యంగా, పొద్దున్నుంచీ పెరట్లోకి పోలేదు. ఇక ఆపుకోలేక లేచి, రెండే రెండు నిమిషాలు వదలండ్రా అన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు.

బసప్ప మైకు లాక్కున్నాడు. "రెండు దినాలు! రెండు దినాల్లో వాన!"

ఊరు హోరెత్తింది. గోవిందప్ప అంతకంటే ఆగే స్థితిలో లేడు, పెరటి వైపు పరుగెత్తాడు. ఎనిమిది మంది వెంటపడి, గోడ ఇవతల భక్తిగా నిలబడి, ఆయన బయటికి రాగానే మళ్ళీ తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు.

ఇంతవరకూ జరిగింది నవ్వుకునేదే. ఆయన కూడా ఏదో ఒక రోజు నవ్వుకునేవాడేమో. కానీ రెండు దినాల మాట మైకులోంచి వచ్చాక బసప్ప బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది.

"వాన పడినాక ఇత్తే గొర్రు కట్టేది ప్రతి ఊరోడూ చేస్తాడు. వాన వచ్చేలోపల ఇత్తనం భూమిలో ఉంటే ఒక్క చుక్క పదును గూడా వృథా పోదు. అందరికంటే ముందు మన ఊరి పంట లేస్తాది. ఈ పొద్దే ఇత్తుదాం! మొదటి పిడికెడు గోవిందన్న చేత్తో పడాల!"

గోవిందప్ప జంపఖానా మీంచి లేవబోతే మళ్ళీ కూర్చోబెట్టారు. ప్రతి ఇంట్లోనూ ఉన్నది ఒకటో రెండో మూటల వేరుశనగ విత్తనం. మండలాఫీసు ముందు మూడు రోజులు ఎండలో వరసలో నిలబడి తెచ్చుకున్నది. కాలిన మట్టిలో వేస్తే సగం చీమలూ ఉడతలూ తింటాయి, మిగతా సగం నాలుగు రోజుల్లో మాడిపోతుంది. ఆ తర్వాత ఎంత వానొచ్చినా విత్తడానికి గింజ ఉండదు. ఇదంతా తెలియని రైతు ఆ గుంపులో ఒక్కడూ లేడు. కానీ రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి తనకు తెలిసింది కూడా మర్చిపోవడానికి సిద్ధంగా ఉంటాడు.

ఓబులమ్మకు అప్పుడు తెలివొచ్చింది. విసనకర్ర పక్కకు తోసి లేచింది. "అయ్యో, అది నోము కాదప్పా! పండ్లకు తొడుగు ఇరుక్కుండాది! వానా లేదు, ఏమీ లేదు! ఇత్తనం తియ్యాకండి!"

"మొగుడు ఆకలితో ఉంటే చూడలేక అట్లంటాండాది, పాపం" అంది బయమ్మ అవ్వ. ఆడవాళ్ళు జాలిగా ఓబులమ్మను పట్టి కూర్చోబెట్టి ఇంకో గ్లాసు నిమ్మకాయ నీళ్ళు ఇచ్చారు.

పొద్దు వాలుతుండగా సొసైటీ పక్కనే ఉన్న బసప్ప చేనులో జత ఎద్దులకు గొర్రు కట్టారు. గొర్రు మీద విత్తనం పోసే చెక్క గిన్నె జడ్డిగానికి పసుపు రాశారు. గోవిందప్పను నడిపించుకొచ్చారు. వెనకాల ఊరి మగవాళ్ళందరూ ఎవరి మూట వాళ్ళు భుజాన వేసుకుని, తమ చేలకు పరుగెత్తడానికి నిలబడ్డారు. ఆయన చెయ్యి వెయ్యడమే ఆలస్యం, చీకటి పడేలోగా ఊరి విత్తనమంతా మట్టిలో ఉంటుంది.

ఎలాగైనా ఆపాలని ఆయన చేతులు అడ్డం పెట్టాడు. దీవిస్తున్నాడని అందరూ తలలు వంచారు. లోపల ఇంకో భయం కూడా పీకుతోంది. ఇప్పుడు తను నోము చెడగొట్టాడనే పేరొస్తే, ఈ ఏడు చినుకు పడకపోతే, చచ్చేదాకా ఊరంతా తన నోటినే తిడుతుంది. వాన రానందుకు ఆకాశాన్ని ఎవరూ కొట్టలేరు, గోవిందప్ప అయితే అందుబాటులో ఉంటాడు. చేతులు దులుపుకుని ఊరుకుంటే తప్పు బసప్పది అవుతుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. దానికి ఆయన తర్వాత సిగ్గుపడ్డాడు.

బయమ్మ అవ్వ కర్ర పొడుచుకుంటూ అందరికంటే ముందుకొచ్చింది. చంకలో చిన్న గుడ్డసంచి. బసప్ప చేను గట్టు పక్కనే ఉన్న తన చారెడు చేనుకు సరిపోయే విత్తనం, రెండు గొర్రెపిల్లలను ఇచ్చేసి తెచ్చుకున్నది. సంచి మూతి విప్పి, గోవిందప్ప దోసిట్లో పోసింది.

"నాదే మొదట ఎయ్యి నాయనా. నీ చెయ్యి మంచిది. నాకు మళ్ళా ఏటికి ఇత్తే కారు ఉంటాదో ఉండదో."

గోవిందప్ప దోసిట్లోని గింజలను చూశాడు. ఒక్కొక్కటీ ఏరి పెట్టినట్టున్నాయి. పుచ్చులు లేవు, నొక్కులు లేవు. ఆయనకు బసప్ప మీద కోపం వచ్చింది, చౌడప్ప మీద వచ్చింది, ఆకాశం మీద వచ్చింది, అందరికంటే ఎక్కువగా పంచె చించి పేలిక పెట్టిన తన తెలివి మీద వచ్చింది. ఆ కోపమంతా దవడల్లోకి దిగింది. రెండేళ్ళుగా నిద్రలో కొరికింది ఒక ఎత్తు, మెలకువలో కొరికిన ఆ ఒక్క కొరుకు ఒక ఎత్తు.

ఫటేల్‌మని తొడుగు రెండు ముక్కలైంది. దవడలు టక్కుమని విడివడ్డాయి. గోవిందప్ప తెల్లటి ముక్కలూ, తడిసిన పేలికా తుపుక్కున ఉమ్మేశాడు. నోముకు పళ్ళు రాలిపోయాయని ఎవరో ఏడుపు అందుకున్నారు.

"ఆపండ్రా!" అన్నాడు గోవిందప్ప.

మొదటి గింజ చప్పుడు అందరికీ వినబడాలని బసప్ప మైకు ఆయన చేతుల దగ్గరే పట్టుకుని ఉన్నాడు. ఆ మాట నాలుగు లౌడ్‌స్పీకర్లలో నాలుగు దిక్కులకూ పోయింది. ఎద్దులు బెదిరాయి.

"నోమూ లేదు, గీమూ లేదు! నేను రేత్రి నిద్రలో పండ్లు కొరుకుతా! మా ఇంటిదానికి రెండేండ్లుగా నిద్ర లేదు! హిందూపురం డాక్టరు తొడుగు చేసిచ్చినాడు. వదులుగా ఉండాదని నేనే పేలిక పెట్టి బిగించుకుంటి, ఇరుక్కపాయె! అంతే సంగతి! వాన ఎప్పుడొస్తాదో నాకేం తెలుసప్పా? పొడి మన్నులో ఇత్తనం ఎయ్యాకండి, చీమల పాలైతాది. మళ్ళా యాడ తెస్తారు? అవ్వా, నీ ఇత్తనం నువ్వు పట్టు. ఇంటికి పో."

ఊళ్ళో ఒక్క చౌడప్పకు తెలియకూడదని పొద్దున మూతికి తువాలు చుట్టుకున్న మనిషి, తన పళ్ళ సంగతి సాయంత్రానికి నాలుగు ఊళ్ళకు మైకులో చెప్పుకున్నాడు. మాట్లాడుతున్నప్పుడు ఆ విషయం ఆయనకు తట్టలేదు, ఆపాక తట్టింది.

"పొద్దున పైకి చూపిస్తివి కదన్నా?" అన్నాడు చౌడప్ప, ఇంకా ఆశ చావక.

"పైపండ్లురా, పైపండ్లు!"

అప్పుడు లేచింది గోల. నాలుగూళ్ళ ముందర తలెత్తుకోకుండా చేశావని బసప్ప చొక్కా చేతులు పైకి మడిచాడు. టెంకాయలు కొట్టినవాళ్ళు టెంకాయలు గుర్తుచేసుకున్నారు. పాదాలకు దండం పెట్టినవాళ్ళు మరీ మండిపడ్డారు. ఎద్దులను తోలే ముల్లుగర్ర పట్టుకున్న ఒకాయన రెండడుగులు ముందుకేశాడు. గోవిందప్ప కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. దెబ్బలు పడితే పడనీ, గింజలు పైనే ఉన్నాయి కదా అనుకున్నాడు.

ఆ గోలలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. బసప్ప భార్య రామక్కది.

"ఓబులక్కా, అది పెట్టుకుంటే నిజంగా శబ్దం రాదా?"

"ఒక్కరవ్వ గూడా రాలేదమ్మా. తెల్లార్లూ నిద్రపోయినా" అంది ఓబులమ్మ.

"ఆ డాక్టరు హిందూపురంలో యాడుంటాడు?"

బసప్ప గిర్రున తిరిగాడు. "ఏమ్మే, నోరు మూసుకో."

"నేను మూసుకుంటాలే. రేత్రి నీ నోరు ఎవరు మూస్తారు?" అంది రామక్క.

ముల్లుగర్ర ఆగిపోయింది. ముందు ఎవరో ఫక్కున నవ్వారు. అంతలో చౌడప్ప భార్య, తన మొగుడు కొరికే కొరుకుడుకు గోడ అవతలి గేదె లేచి నిలబడుతుందని చెప్పింది. ముల్లుగర్ర ఆసామి తల్లి, ఆ చప్పుడు భరించలేక కొడుకు పడుకునే గదికి తాను బయట గొళ్ళెం పెడుతున్నానంది. ఒక కోడలు, తన మామ కొరుకుతాడని చెప్పింది. ఇంకొకావిడ, ఎవరో కాదు, తానే కొరుకుతానని చెప్పింది. మగవాళ్ళు ఒక్కొక్కరుగా భుజాల మీది మూటలు దించి నేల చూపులు చూడసాగారు. బసప్ప మైకు ఆపడానికి బటను వెతుకుతున్నాడు, దొరకడం లేదు.

రెండేళ్ళుగా, అంటే సరిగ్గా వాన మొహం చాటేసినప్పటి నుంచి, ఆ ఊరి ప్రతి ఇంట్లోనూ అదే చప్పుడు. ఎవరి ఇంటి చప్పుడు వాళ్ళు తమ ఒక్కరిదే అనుకున్నారు. పగలు ఒకే అంగట్లో కూర్చుని టీ తాగారు, వాన సంగతి తప్ప అన్నీ నవ్వుతూ మాట్లాడుకున్నారు, రాత్రి ఎవరి మంచం మీద వాళ్ళు పళ్ళు అరగదీసుకున్నారు. మాట్లాడే వీలు దొరికాక కూడా మాట రాకపోవడం గోవిందప్ప జన్మలో అదే మొదటిసారి.

బయమ్మ అవ్వ తన విత్తనాన్ని గింజ కింద పడకుండా సంచిలో పోసుకుని, మూతి ముడేసింది. "నాకు పండ్లు లేవు గాబట్టి సరిపాయె" అంది. "ఉంటే నేనూ కొరుకుతుంటి."

ఎద్దుల మెడల మీంచి కాడి దించారు. చీకటి పడేలోగా ఊరి విత్తనమంతా ఎవరి ఇంటికి వాళ్ళ భుజాల మీద తిరిగిపోయింది. గోవిందప్పకు పగలగొట్టిన కొబ్బరిచిప్పలు ఒక గంపెడు దక్కాయి. దవడ నొప్పికి అవి నమలలేక ఓబులమ్మకే ఇచ్చేశాడు. ఆమె వాటిని కోరి, పచ్చడి నూరి పెట్టింది గానీ, అరుగు మీద చెవిలో అన్న మాట మాత్రం ఆ పూట ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు ఏడున్నర బస్సుకు నల్లగుట్టపల్లి నుంచి పందొమ్మిది మంది ఎక్కారు. బసప్ప వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, మండలాఫీసు పని మీద పోతున్నానని అడగనివాళ్ళకు కూడా చెప్పాడు. కండక్టరు గోవిందప్పను చూసి, నిన్న పెట్టిన దండం వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక, టికెట్టు మాత్రం గట్టిగా చించి ఇచ్చాడు.

హిందూపురంలో డాక్టరు మొదటి నోరు చూసి దవడపళ్ళు అరిగాయన్నాడు. రెండో నోరు చూసి మళ్ళీ అదే అన్నాడు. ఆరో నోటికి లైటు ఆర్పి కుర్చీలో కూర్చున్నాడు. బయట బెంచీ మీద, మెట్ల మీద, వీధిలో వేపచెట్టు కింద తువాళ్ళు భుజాన వేసుకుని వరసగా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. ఆయన చదువుకున్న పుస్తకాల్లో ఊరికి ఊరే ఇలా పళ్ళు కొరికిన సంగతి ఎక్కడా లేదు.

"అందరిదీ ఒకే ఊరా? ఒకే జబ్బా?" అని కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "సరే, ముందు ఇది చెప్పండి. మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎలాంటివి?"

పందొమ్మిది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీళ్ళే ఉంటే మీ కాడికి ఎందుకొస్తుంటిమి సార్?" అన్నాడు చౌడప్ప.